పాత లారీ ఎప్పుడూ చౌకే అనే మాటకు జవాబు

లారీలు నడిపేవాళ్ల ఫోన్లలో ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: "కొత్త లారీ కొనడమంటే డబ్బు నీళ్లలో పోయడమే. షోరూం గేటు దాటగానే సగం విలువ పోతుంది. మైలేజీలో తేడా లెక్కలోకి రాదు. పాత లారీ అసలైన ఇనుము, కొత్తది ఉత్త రేకు. పాత ఇంజన్‌ను ఏ మెకానిక్ అయినా బాగుచేస్తాడు, కొత్తదానికి కంప్యూటర్ కావాలి. మూడో వంతు ధరకు పాతది కొనుక్కో, కిస్తీ లేకుండా హాయిగా నిద్రపో."

లారీ యజమానులకు లెక్కలు రాసిపెట్టడం నా పని. ఈ సందేశాన్ని నమ్మి, కూడబెట్టిన డబ్బంతా పెట్టి పాత బండి కొన్న ఒక యువకుడి ఖాతా పుస్తకం నా దగ్గరికి వచ్చింది. మొదటి ఎనిమిది నెలల్లో ఆ బండి 72 రోజులు మరమ్మతు షెడ్డులోనే ఉంది. అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు, బండి మరీ పాడైనదీ కాదు. కొనేముందు ఆ యువకుడు వేసుకున్న లెక్కలో కొన్న ధర ఒక్కటే ఉంది. అందుకే ఆ సందేశంలోని ఒక్కొక్క వాక్యానికీ జవాబు రాస్తున్నాను. పాత లారీ కొనవద్దని నేను చెప్పడం లేదు. బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో తెలియకుండా ఏది చౌకో ఎవరూ చెప్పలేరు. ఆ సందేశంలో కిలోమీటరు అన్న మాటే లేదు.

మొదట విలువ తరుగుదల సంగతి. గేటు దాటగానే సగం పోతుందన్నది అతిశయోక్తి. కానీ మొదటి రెండు మూడేళ్లలో ధర వేగంగా పడిపోతుందని, ఆ తర్వాత పడే వేగం తగ్గుతుందని అందరికీ తెలుసు. సందేశం మొత్తంలో గట్టి వాదన ఇదే కాబట్టి దీన్ని పూర్తిగా లెక్కవేద్దాం. కొత్త లారీ ధర 100 పాళ్లు అనుకుందాం. ఆరేళ్లు నడిపి అమ్మితే 35 వచ్చాయి, ఈలోగా వడ్డీ 25 అయింది. అంటే పోయినవి 90, ఏడాదికి 15. పాత లారీని 35కు కొని ఆరేళ్ల తర్వాత 10కి అమ్మారు. సొంత డబ్బు పెట్టినా దానికీ వడ్డీ కట్టుకోవాలి, అది 8 అనుకుందాం. పోయినవి 33, ఏడాదికి ఐదున్నర. రెండింటికీ తేడా ఏడాదికి తొమ్మిదిన్నర పాళ్లు. అంకెలు మీవి మీరు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే. పాత లారీకి ఉన్న అనుకూలత 65 పాళ్లు కాదు, ఏడాదికి తొమ్మిదిన్నర. డీజిలు, మరమ్మతులు, నిలిచిపోయిన రోజులు కలిసి ఈ తొమ్మిదిన్నరను తినేస్తాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

"మైలేజీలో తేడా లెక్కలోకి రాదు." సందేశంలో అన్నిటికన్నా నష్టం చేసే వాక్యం ఇదే. పాత బండి లీటరుకు మూడున్నర కిలోమీటర్లు, కొత్తది నాలుగు ఇస్తుందని అనుకుందాం. వినడానికి అర కిలోమీటరే. ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరిగే బండికి మొదటి లెక్కన 28,571 లీటర్లు కావాలి, రెండో లెక్కన 25,000 చాలు. తేడా 3,571 లీటర్లు. ఆరేళ్లకు ఇరవై ఒక్క వేల లీటర్లు దాటుతుంది. మీ ఊళ్లో డీజిలు ధరతో హెచ్చవేసి, పైన చెప్పిన తొమ్మిదిన్నర పాళ్ల పక్కన పెట్టి చూడండి. అదే బండి ఏడాదికి 20,000 కిలోమీటర్లే తిరిగితే తేడా 714 లీటర్లు. అప్పుడు సందేశం చెప్పింది నిజమే, పట్టించుకోనక్కరలేదు. అదే రెండు లారీలు, అదే మైలేజీ. తిరిగే దూరాన్నిబట్టి జవాబు తలకిందులయింది.

ఈ అర కిలోమీటరు ఎక్కడ పోతుందో కూడా చెప్పాలి. పిస్టన్ రింగులు, లైనర్లు అరిగితే సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి, అంటే కంప్రెషన్, పడిపోతుంది. ఇంజెక్టర్ ముక్కు అరిగితే డీజిలు సన్నని మంచులా కాక చుక్కలుగా పడి, పూర్తిగా కాలక నల్లపొగగా బయటికి పోతుంది. అది మన డబ్బే. ఇది అరుగుదల వల్ల వచ్చే నష్టం. నిర్మాణం వల్ల వచ్చేది ఇంకొకటి. 1995లో డెన్సో సంస్థ హినో లారీకి కామన్ రైల్ పద్ధతిని అందించింది, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలోంచి అధిక ఒత్తిడితో డీజిలు అందించే పద్ధతి. అప్పటినుంచి ఇంజెక్షన్ ఒత్తిడి పెరుగుతూ, నేటి ఇంజన్లలో 2,000 బార్ దాకా, కొన్నిటిలో అంతకు మించి చేరింది. ఒత్తిడి పెరిగితే డీజిలు మరింత సన్నగా చిమ్ముతుంది, బాగా కాలుతుంది. అయితే కొత్తది ఏదైనా ఎక్కువ మైలేజీ ఇస్తుందనుకోవడమూ పొరపాటే. 2000 తర్వాత కాలుష్య నిబంధనల కోసం పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ పద్ధతి పెట్టిన తొలితరం ఇంజన్లు కొన్నిటిలో మైలేజీ తగ్గింది. యూరియా ద్రావణంతో పొగను శుద్ధిచేసే పద్ధతి వచ్చాక అది మళ్లీ కోలుకుంది. కాబట్టి పాత లారీ చూసేటప్పుడు దాని వయసుతో పాటు అది ఏ తరం ఇంజనో కూడా అడగాలి.

కొన్న ధర చుట్టూనే లెక్క తిప్పడం ఎందుకు తప్పో చెప్పడానికి ఒక ఆధారం ఉంది. అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఏటా లారీ నడిపే ఖర్చును లెక్కగడుతుంది. అందులో డ్రైవరు వేతనం, ఇంధనం కలిపితే సగానికి మించిపోతాయి. బండి కొనుగోలుకు కట్టే వాయిదాల వాటా ఐదో వంతుకన్నా తక్కువ. దేశాన్నిబట్టి ఈ పాళ్లు మారతాయి. అయినా ఎక్కువ దూరాలు తిరిగే బండికి కొన్న ధర అన్నిటికన్నా పెద్ద ఖర్చు కావడం అరుదు.

సందేశం అసలే ఎత్తని విషయం నిలిచిపోయిన రోజులు. ఏడాదికి 250 రోజులు కిరాయి దొరికే బండి 25 రోజులు షెడ్డులో ఉంటే రాబడిలో పదో వంతు పోయింది. డ్రైవరు జీతం, బీమా, పన్నులు మాత్రం పదో వంతు తగ్గవు. అదీ షెడ్డులో చెడితే. సరుకుతో దారిలో చెడితే వేరే బండి తెప్పించాలి, సరుకు మార్పించాలి, లాగించుకుని రావాలి. సమయానికి చేరని సరుకుకు కోత పడుతుంది. రెండుసార్లు అలా జరిగితే ఆ వ్యాపారి మూడోసారి ఫోను చెయ్యడు. ఈ నష్టం బిల్లుగా రాదు కాబట్టి ఎవరూ పుస్తకంలో రాయరు. నేను నా దగ్గరికి వచ్చే ప్రతి ఖాతాలో "ఆగిన రోజులు" అని ఒక గడి పెట్టిస్తాను. మొదట్లో విసుక్కున్నవాళ్లే తర్వాత ముందుగా ఆ గడి చూస్తారు.

ఇక ఇనుము, రేకు మాట. మందాన్ని చూసి బలాన్ని అంచనా వేసే అలవాటునుంచి పుట్టిన మాట ఇది. మామూలు మెత్తని ఉక్కు వంగిపోకుండా తట్టుకునే ఒత్తిడి 250 మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది. ఇప్పటి ఛాసిస్‌లలో, అంటే బండి చట్రాలలో, వాడే అధిక బలం గల ఉక్కు 500నుంచి 700 దాకా తట్టుకుంటుంది. అందుకే పలుచగా చేసినా బరువు మోస్తుంది. పైగా బండి, సరుకు కలిపి ఇంత బరువు మించకూడదని చట్టాలు పరిమితి పెడతాయి. ఖాళీ బండి ఎన్ని కిలోలు తేలికయితే అన్ని కిలోల సరుకు ప్రతి ప్రయాణంలోనూ అదనంగా వేసుకోవచ్చు. ఇంకో సంగతి. ఇనుము ఎంత మందమైనా ఏళ్ల తరబడి బరువు మోసి అలసిపోతుంది. స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర, అడ్డదూలాలు కలిసే రివెట్ల దగ్గర సన్నని పగుళ్లు మొదలవుతాయి. కొత్తగా రంగు వేసిన ఛాసిస్ కనిపిస్తే ముందుగా అక్కడే చూడండి.

టైర్ల విషయంలోనూ అదే జాగ్రత్త. గాడి లోతుగా ఉన్నంత మాత్రాన టైరు కొత్తది కాదు. పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. నిలిచి ఉన్న బండి టైరు అరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది.

మెకానిక్ సంగతిలో సందేశానికి సగం మార్కులు ఇస్తాను. పొగను శుద్ధిచేసే పరికరాలు యజమానులను నిజంగానే ఏడిపించాయి. మసిని పట్టే ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవాలంటే పొగ దాదాపు 550నుంచి 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఆగుతూ సాగుతూ పొట్టి దూరాలు తిరిగే బండిలో ఆ వేడి పుట్టదు, ఫిల్టరు మూసుకుపోతుంది, బండి శక్తి తగ్గించుకుని మొరాయిస్తుంది. అమెరికాలో కొందరు కొత్త ఛాసిస్, కొత్త క్యాబిన్ కొని వాటిలో పాత ఇంజన్ బిగించుకునేవారు. వాటిని గ్లైడర్లు అంటారు. ఆ దేశపు పర్యావరణ సంస్థ 2016లో నిబంధన తెచ్చి వాటికి కళ్లెం వేయవలసి వచ్చింది. ఊరికే అంత శ్రమ ఎవరూ పడరు. పొట్టి దూరాల పనికి, దగ్గరలో కంప్యూటర్ పరీక్ష చేసే వర్క్‌షాపు లేని చోటికి, కంప్యూటర్ లేకుండా యాంత్రిక డీజిలు పంపుతో నడిచే ఇంజన్ ఉన్న పాత బండే మేలని నేనూ చెబుతాను.

ఇక్కడే మరచిపోకూడనిది, ఆ పొగ పీల్చేది మన డ్రైవర్లు, మన పిల్లలు. యూరప్‌లో భారీ ఇంజన్లకు 1992 నాటి యూరో 1 ప్రమాణం కిలోవాట్ గంటకు 8 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లను, పెద్ద ఇంజన్లకు 0.36 గ్రాముల మసిని అనుమతించింది. యూరో 6కు వచ్చేసరికి అవి 0.4, 0.01 గ్రాములయ్యాయి. దీని ప్రభావం వ్యాపారం మీదా పడుతుంది. లండన్ 2008లో లారీలతో మొదలుపెట్టిన తక్కువ కాలుష్య మండలంలో 2021నుంచి యూరో 6కు తగని భారీ బండ్లకు రోజువారీ రుసుము పడుతోంది. ఇలాంటి హద్దులు పెరిగేకొద్దీ పాత బండికి తిరిగే దారులు తగ్గుతాయి, అమ్మేనాటి ధరా తగ్గుతుంది.

"ఏ మెకానిక్ అయినా బాగుచేస్తాడు" అన్న మాటకు నా సలహా ఒక్కటే: చెడిపోయాక కాదు, కొనేముందే చూపించండి. ఇంజన్ నడుస్తుండగా నూనె పోసే మూత తీస్తే బలంగా ఆవిరి తన్నుకొస్తోందంటే రింగులు అరిగాయి. నీలిపొగ అంటే నూనె కాలుతోంది. ఇంజన్ నూనెను పరీక్షకు పంపితే ఇంకా లోపలి సంగతులు తెలుస్తాయి. ఇనుము ఎక్కువుంటే లైనర్లు, సీసం లేదా రాగి ఎక్కువుంటే బేరింగులు అరుగుతున్నాయి. సిలికాన్ కనిపిస్తే దుమ్ము లోపలికి పోయింది, సోడియమో పొటాషియమో కనిపిస్తే రేడియేటరు నీళ్లు నూనెలో కలుస్తున్నాయి. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు బండి ధరలో లెక్కకు రానంత చిన్నది. అయినా చేయించేవాళ్లు నాకు పదిమందిలో ఒక్కరు కూడా కనిపించలేదు, అది నన్ను బాధపెడుతుంది.

చివరిది కిస్తీ లేని నిద్ర. కిస్తీ భయం నిజమైనదే. కిరాయిలు పడిపోయిన నెలలో కూడా అది ఆగదు, ఆ భయంతో బండ్లు అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. కానీ కిస్తీ ఎంతో, ఏ తేదీనో ముందే తెలుస్తుంది. గేర్‌బాక్సు పోయేరోజు తెలియదు. కాబట్టి కిస్తీ లేని యజమాని ప్రతినెలా కిస్తీ కట్టినట్టే కొంత సొమ్ము మరమ్మతుల కోసం విడిగా దాచాలి. పాత లారీకి పెట్టే డబ్బులో కనీసం ఐదో వంతును కొన్నరోజే పక్కన పెట్టమని నేను చెబుతాను. అంత మిగలకపోతే ఆ బండి మీ స్తోమతకు మించినదే.

మొదట చెప్పిన యువకుడు బండి అమ్మలేదు. దూరప్రాంతాల కిరాయిలు మానేసి, ఒక గోదాములోంచి దగ్గరి దుకాణాలకు సరుకు చేరవేసే పని ఒప్పుకున్నాడు. ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లకు మించదు. పాడైతే ఆ సాయంత్రమే షెడ్డుకు చేరుతుంది. నిరుడు అతని పుస్తకంలో "ఆగిన రోజులు" గడిలో పదకొండు ఉంది, చివరి వరుసలో లాభం ఉంది.