పైడిభీమవరంలో ట్రైనింగ్‌కు కొదవ లేదు, ప్రమోషనే లేదు

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం పారిశ్రామికవాడలో షిఫ్ట్ బస్సు దిగేవాళ్లలో చాలామంది మెడలో కార్డు మీద కంపెనీ పేరుండదు, కాంట్రాక్టర్ పేరుంటుంది. ఉద్యోగుల ఎదుగుదల మీద ఎక్కడ ఏ చర్చ జరిగినా నాకు ముందు ఆ కార్డే గుర్తొస్తుంది. హెల్పర్‌గా చేరినవాడు పదేళ్లయినా హెల్పరే. మధ్యలో కాంట్రాక్టర్ మారితే సర్వీసు మళ్లీ మొదటికొస్తుంది.

ఫార్మా ప్లాంటులో తడి ముద్దను గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ దగ్గర ఒక పూట నిలబడి చూడండి. లోపల తడి ముద్ద ఒక పక్కకే పేరుకుంటే మెషిన్ అదురుతుంది, చప్పుడు మారుతుంది. ఆ తేడాను ముందుగా పసిగట్టేది ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న హెల్పర్. బ్యాచ్ రికార్డులో సంతకం మాత్రం నిరుడు డిగ్రీ పూర్తిచేసి వచ్చిన కెమిస్టుది. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. అతనికి పని నేర్పినవాడు ఎందుకు పైకి రాలేదన్నదే ప్రశ్న.

ట్రైనింగ్ ఇవ్వడం లేదా అంటే, ఇస్తున్నారు. ఇవ్వక తప్పదు. మందుల తయారీ ఎలా ఉండాలో చెప్పే మన దేశ నిబంధనలు, అంటే 2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్-ఎం అయినా, అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనలైనా మందుల తయారీలో పనిచేసేవాళ్లకు శిక్షణ తప్పనిసరి అంటాయి. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఆ రికార్డులు అడుగుతారు. ఎవరు ఏ ఎస్‌వోపీ (పని చేయాల్సిన పద్ధతి రాసిన కాగితం) నేర్చుకున్నారో అంతా కాగితం మీద ఉంది. ఆడిటర్‌కు చూపించడానికి పనికొచ్చే ఫైలు ప్రమోషన్‌కు ఎందుకు పనికిరాదు? హెల్పర్, ఆపరేటర్, సీనియర్ ఆపరేటర్, షిఫ్ట్ ఇన్‌చార్జి... ఏ మెట్టుకు ఏ పని వచ్చి ఉండాలో, జీతం ఎంతో తెలుగులో రాసి గేటు దగ్గర అతికించాలి. కాంట్రాక్టర్ మారినా ఆ ఫైలు, ఆ సర్వీసు కార్మికుడి వెంటే ఉండాలి.

నేర్పిస్తే పరవాడకో హైదరాబాద్‌కో వెళ్లిపోతారని యాజమాన్యాలు అంటాయి. వెళ్తున్న మాట నిజమే. నేర్చుకున్నదానికి ఇక్కడ జీతంలో ఏ తేడా కనిపించకపోతే ఎవరు ఆగుతారు?

అసలు సిక్కోలు వలసల గురించి మనం సగమే మాట్లాడుతున్నాం. వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లే మత్స్యకారుల గురించి, చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్లేవాళ్ల గురించి రాస్తాం. ఊళ్లో ఉద్యోగం ఉండి కూడా రైలెక్కేవాడి గురించి రాయం. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలంటూ రాష్ట్రం 2019లో చట్టం చేసింది. లోపలికి వెళ్లాక వాళ్లు ఏ స్థాయికి చేరాలో ఆ లెక్కలో లేదు. అందరినీ కింది పనుల్లోనే పెట్టుకున్నా 75 శాతం నిండిపోతుంది! ప్రభుత్వాలు పరిశ్రమలకు భూములిచ్చేటప్పుడు ఎన్ని ఉద్యోగాలు ఇస్తారని అడుగుతాయి. ఐదేళ్ల కిందట చేరిన స్థానికుల్లో ఎందరు సూపర్‌వైజర్లయ్యారని కూడా ఏటా అడగాలి, జవాబును బట్టే రాయితీ ఇవ్వాలి.

భోగాపురం విమానాశ్రయం చుట్టూ హోటళ్లు, గోదాములు, కార్గో పనులు వస్తాయి. విజయనగరం యువత అక్కడ ట్రాలీలు తోసే పనితో మొదలుపెట్టినా ఫర్వాలేదు, ఆ తర్వాతి పోస్టు ఏమిటో అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే రాసివ్వమని ఇప్పుడే పట్టుబట్టాలి.