ముహూర్తం తప్పిన యాభై పెన్నీల నాణేనికి

బ్రిటన్ ఐరోపా సమాఖ్యను విడిచిపోయే బ్రెగ్జిట్‌కు గుర్తుగా 2019 అక్టోబరు 31 అన్న తేదీ ఒంటిమీద వేసుకుని పుట్టి, ఆ తేదీ రాకముందే కొలిమికి ఖరారైపోయిన నాణెమా,

‘ఉభయకుశలోపరి’ అని ఉత్తరం మొదలుపెట్టడం మా ఇంటి ఆనవాయితీ. నీ విషయంలో ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు కుశలంగా లేవు. నిన్ను పుట్టించిన దేశమూ ఆ రోజుల్లో అంత కుశలంగా లేదు.

నేను నాణేలు పోగుచేసే మనిషిని. లండన్ వచ్చి చాలా ఏళ్ళయినా, జేబులోని చిల్లర బల్ల మీద పోసి ఏది ఏ సంవత్సరానిదో చూసుకోనిదే నాకు నిద్ర పట్టదు. అందుకే నీ కోసం పెట్టెలో ఒక గడి ఖాళీగా ఉంచాను. ఏడు అంచులు, ఎనిమిది గ్రాముల బరువు, ఒకవైపు రాణిగారి ముఖం, రెండోవైపు ‘అన్ని దేశాలతో శాంతి, సౌభాగ్యం, స్నేహం’ అన్న మాటలు, వాటి కింద తేదీ. విడాకుల పత్రాన్ని శుభలేఖ అచ్చువేసే దుకాణంలో అచ్చు వేయించినట్లుందని మా ఆవిడ అంది.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు మాలో. సమాఖ్యతో ఒప్పందం తేలలేదు, ఒప్పందం లేకుండా వెళ్ళడానికి పార్లమెంటు ఒప్పుకోలేదు. అయినా ఆర్థిక మంత్రి సాజిద్ జావిద్ గారు ముప్పై లక్షల సోమలింగాలను పురమాయించారు. పది లక్షల దాకా అచ్చు పడ్డాక గడువు మళ్ళీ జరిగింది. నిజానికి అప్పటికే సోమలింగం పేరు ఒకసారి మారింది. ఆయన ముందరి మంత్రి ఫిలిప్ హామండ్ గారు ఈ నాణెం ఆలోచన చెప్పినప్పుడు ముహూర్తం 2019 మార్చి 29.

ఆ ముహూర్తం ఎలా తప్పిందో నీకు తెలియకపోవచ్చు. నువ్వు వేల్స్‌లోని టంకశాలలో పుట్టావు, వెస్ట్‌మినిస్టర్‌లోని పార్లమెంటు చూడలేదు. అక్కడ ఓటు వేయడమంటే మీట నొక్కడం కాదు. గంట మోగుతుంది. ఎనిమిది నిమిషాల్లో సభ్యులందరూ టీ కప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చి, అవునంటే ఒక నడవలోకి, కాదంటే ఇంకో నడవలోకి నడవాలి. అక్కడ తలలు లెక్కపెడతారు. 2019 వసంతమంతా వాళ్ళు ఇలా నడిచారు. జనవరి 15న ప్రధాని థెరిసా మే గారి ఒప్పందం మీద నడిస్తే 202 మంది అవునన్నారు, 432 మంది కాదన్నారు. మార్చి 12న మళ్ళీ నడిచి మళ్ళీ కాదన్నారు. ఆ మర్నాడే, ఒప్పందం లేకుండా వెళ్ళడం కూడా కుదరదన్నారు. మార్చి 29న, అంటే అసలు ముహూర్తం రోజునే, మూడోసారీ కాదన్నారు. మధ్యలో ఒక సాయంత్రం, పోనీ మీకేం కావాలో మీరే చెప్పండని ఎనిమిది దారులు ముందు పెడితే, ఎనిమిదింటికీ కాదన్నారు. ఏప్రిల్ 1న నాలుగు పెడితే, ఆ నాలుగింటికీ అదే జవాబు. ఇంత ఏకాగ్రతతో నడిచినవాళ్ళు అదే నడక తిరుమల కొండ మీద నడిచి ఉంటే పుణ్యమైనా దక్కేది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒప్పందం లేని నిష్క్రమణ వద్దని సభ ఎన్నిసార్లు తీర్మానించినా, ఎవరూ ఏమీ చేయకుండా కూర్చుంటే చట్టప్రకారం జరిగేది సరిగ్గా అదే. సమాఖ్యను వదిలే దేశానికి గడువు పెట్టే యాభయ్యో అధికరణం గడియారం ఎవరి తీర్మానాలూ వినదు. గడువు పెంచమని బ్రస్సెల్స్‌లోని సమాఖ్యను అడగాలి, అక్కడ మిగతా ఇరవై ఏడు దేశాలూ సరేననాలి. ఆ అడిగే పనిని ప్రభుత్వం చేత చేయించే బిల్లు ఏప్రిల్ 3 రాత్రి కామన్స్ సభలో ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. మర్నాడు సభ పైకప్పు నుంచి నీళ్ళు కారి సమావేశాన్నే ఆపేయాల్సి వచ్చింది. ఈ వివరం నేను కల్పించి రాసి ఉంటే, వ్యంగ్యం మరీ ముతకగా ఉందని నువ్వే అనేదానివి.

పీటముడి పడింది ఐర్లండ్ సరిహద్దు దగ్గర. సుమారు 500 కిలోమీటర్ల గీత. 1998 శాంతి ఒప్పందం తర్వాత ఆ గీత మీద ఇక సైనికుల కాపలా అక్కరలేకపోయింది. గీతకు ఒకవైపు ఐరోపా సమాఖ్య ఉండి, మరోవైపు ఉండకపోతే సరుకులు ఎక్కడ తనిఖీ చేయాలి? గీత మీదే అంటే పాత పుండు రేగుతుంది. సముద్రం మీద అంటే, ఏ పదిమంది సభ్యుల మద్దతు మీద ప్రభుత్వం నిలబడిందో ఆ ఉత్తర ఐర్లండ్ పార్టీయే అలుగుతుంది. అసలు ఎక్కడా వద్దు, అందరం ఒకే కస్టమ్స్ పద్ధతిలో ఉందామంటే, ఇక బయటికి వెళ్ళిందేమిటని సొంత పార్టీవాళ్ళు లేస్తారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక్కడ కప్పలు రెండు.

సన్నాహాలు జరగలేదని మాత్రం అనలేం. డోవర్ రేవు దగ్గర లారీలు ఆగిపోతే ఎలాగని కెంట్‌లోని పాత విమానాశ్రయంలో ఒక రిహార్సల్ చేశారు. రోజుకు వేల లారీలు దాటే ఆ దారికి రిహార్సల్‌గా వచ్చినవి ఎనభై తొమ్మిది. అదనపు ఓడల కోసం కోటీ ముప్పై ఎనిమిది లక్షల పౌండ్ల కాంట్రాక్టును ఒక్క ఓడ కూడా లేని కంపెనీకి ఇచ్చారు. దాని వెబ్‌సైట్‌లోని షరతులు భోజనం ఇంటికి తెచ్చిపెట్టే దుకాణానివని బయటపడ్డాక నవ్వాలో ఏడవాలో ఎవరికీ తోచలేదు. కాంట్రాక్టు రద్దయింది.

గడువు పెంచమని అడగడం కన్నా గుంటలో పడి చావడం మేలన్న కొత్త ప్రధాని బోరిస్ జాన్సన్ గారు అక్టోబరు 19న గడువు పెంచమని ఉత్తరం పంపారు. సంతకం పెట్టలేదు. పెంచడం పొరపాటని ఇంకో ఉత్తరం పంపారు, దానికి పెట్టారు. అలా మొత్తానికి నీ తేదీ చెల్లకుండా పోయింది. ఆయన గుంటలో పడలేదు, నువ్వు మూసలో పడ్డావు. ఆ అక్టోబరులో ఏ ఒప్పందమూ లేకుండా, ఏ గడువూ అడగకుండా నిష్క్రమించింది ఈ దేశం మొత్తంలో నువ్వొక్కదానివే.

నా వంతు పాపం కూడా చెప్పుకోవాలి. 2016 జూన్ 23న, సమాఖ్యలో ఉండాలా వెళ్ళాలా అని జనాన్ని అడిగినప్పుడు, నేనూ ఓటు వేశాను. భారత పాస్‌పోర్టుతోనే. కామన్వెల్త్ దేశాలవాళ్ళం ఇక్కడ నివాసముంటే ఓటుంది. మా పక్కింటి పోలండ్ ఆవిడకు లేదు. ఆమె నాకన్నా ముందు వచ్చింది, పన్నులు నాకన్నా ముందునుంచీ కడుతోంది. ఆమె ఐరోపా భవిష్యత్తును గుంటూరువాడినైన నేను నిర్ణయించాను. ఏ వైపు వేశానో మా ఆవిడకే చెప్పలేదు, నీకు చెబుతానా?

2019 వేసవిలో ఒకరోజు ఆ పక్కింటావిడ మా తలుపు తట్టింది. ఇక్కడ ఉండిపోవడానికి దరఖాస్తు చేసుకోవాలి, పాస్‌పోర్టు చదివే యాప్ అప్పట్లో ఆండ్రాయిడ్ ఫోన్లలోనే పనిచేసేది, ఆమెది ఐఫోన్. మా వంటింటి బల్ల మీద, నా చిల్లర కుప్ప పక్కనే, ఎర్రటి పాస్‌పోర్టును నా ఫోను కింద పెట్టి కదపకుండా పట్టుకుంది. మూడోసారికి చదివింది. ఇన్నేళ్ళుగా ఉన్న ఇంట్లో ఉండటానికి అనుమతి అడుగుతూ ఆమె థాంక్స్ చెబుతుంటే, నేను పకోడీల పళ్ళెం ముందుకు జరిపాను. ఇంకేం చేయను?

ఆమె కొడుకు ఈలోపు నా పెట్టె తెరిచాడు. నీ ఖాళీ గడి పక్కన నీ పెద్దక్క ఉంది, 1973 నాటిది. బ్రిటన్ ఆ ఐరోపా కూటమిలో చేరినప్పుడు అచ్చువేసిన యాభై పెన్నీలు. నీకన్నా పెద్దది, బరువైనది, ఇప్పుడు చెల్లదు. దాని మీద తొమ్మిది దేశాలకు తొమ్మిది చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని గుండ్రంగా ఉంటాయి.

“ఇందులో బ్రిటన్ చెయ్యి ఏది?” అని అడిగాడు వాడు.

నాకు తెలియలేదు. భూతద్దం ఇచ్చాను.

ఇట్లు,
నీ గడిని ఇంకా ఖాళీగానే ఉంచిన
ఒక చిల్లర మనిషి