నావిక్‌లో పనిచేసేవి ఎన్ని?

శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు టీవీల్లో కనపడే హడావుడి, ఆ ఉపగ్రహం ఏడాది తర్వాత ఏం చేస్తోందో చెప్పే దగ్గర కనపడదు. మన సొంత జీపీఎస్ అని గొప్పగా చెప్పుకునే నావిక్ సంగతైతే మరీనూ. 2025 జులైలో ప్రభుత్వమే పార్లమెంటుకు లెక్క చెప్పింది: 2013 నుంచి పంపినవి 11, వాటిలో అప్పటికి దారి చూపే పని చేస్తున్నవి 4. ఇంకో నాలుగు మెసేజ్‌లు పంపడానికి మాత్రమే పనికొస్తున్నాయి, రెండు అనుకున్న కక్ష్యకు చేరనే లేదు, ఒకటి రిటైరైంది.

నాలుగు చాలవా అంటే, సరిగ్గా చాలతాయి, టెన్షన్ కూడా అక్కడే.

చాలామంది అనుకుంటున్నట్టు మన ఫోన్ ఉపగ్రహానికి ఏమీ పంపదు. ఊరికే వింటుంది. (అందుకే నెట్ ఆపేసినా లొకేషన్ వస్తుంది, డేటా కావాల్సింది మ్యాప్ బొమ్మలకే.) ప్రతి ఉపగ్రహం తానెక్కడుందో, ఇప్పుడు టైం ఎంతో అదే పనిగా చెబుతూ ఉంటుంది, ఆ మాట మనదాకా రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే దూరం తెలిసిపోతుంది. మూడు దూరాలు తెలిస్తే మనం ఎక్కడున్నామో తేలిపోవాలి కదా, మరి నాలుగోది ఎందుకు? ఫోన్‌లో ఉండే గడియారం చవకరకం కాబట్టి. సెకనులో పది లక్షో వంతు (మైక్రోసెకను) కాలంలో సిగ్నల్ 300 మీటర్లు వెళ్లిపోతుంది, టైం ఆ మాత్రం తేడా వస్తే చాలు, అమీర్‌పేటలో మీరు వేరే వీధిలో తేలతారు. ఆ తేడా ఎంతో పట్టుకోవడానికే నాలుగోది. పైనున్న గడియారాలు మాత్రం తప్పడానికి వీల్లేదు, అందుకే ఉపగ్రహాల్లో అణు గడియారాలు పెడతారు. వాటితోనూ ఓ తంటా ఉంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం జీపీఎస్ ఉపగ్రహంలో గడియారం రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది, దాన్ని సరిచేయకుండా వదిలేస్తే ఒక్క రోజులో పది కిలోమీటర్లకు పైగా తప్పుతుంది.

నావిక్‌కు దెబ్బ తగిలింది కూడా గడియారాల దగ్గరే. మొదటి ఉపగ్రహంలో విదేశం నుంచి తెచ్చి పెట్టిన రుబీడియం అణు గడియారాలు మూడూ పోయాయి. యూరప్ వాళ్ల సొంత జీపీఎస్ లాంటి గెలీలియోలోనూ అలాంటివి మొరాయించాయి గానీ, వాళ్లకు ఉపగ్రహాలు ఎక్కువ కాబట్టి నెట్టుకొచ్చారు. మనం బదులుగా 2017 ఆగస్టులో ఒకటి పంపితే దాన్ని కప్పి ఉంచే తొడుగు (హీట్ షీల్డ్) విడిపోక అదీ పోయింది. 2023 మేలో ఎన్‌వీఎస్-01 అనే కొత్త నావిక్ ఉపగ్రహం మన దేశంలోనే చేసిన గడియారంతో వెళ్లింది, ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. తర్వాత 2025 జనవరిలో శ్రీహరికోట వందో ప్రయోగమని సంబరం చేసుకుని పంపిన ఎన్‌వీఎస్-02, ఇంజిన్‌కు ఆక్సిడైజర్ (ఇంధనాన్ని మండించే పదార్థం) వెళ్లే వాల్వులు తెరుచుకోక దారిలోనే చిక్కుకుపోయింది.

అమెరికా జీపీఎస్ ఫ్రీగా వస్తుంటే మనకెందుకీ తిప్పలు అనేవాళ్లున్నారు. 2000 మే దాకా మామూలు జనానికి ఇచ్చే సిగ్నల్‌ను అమెరికా కావాలనే చెడగొట్టి వదిలేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆపింది వాళ్లే, ఇప్పటికీ జీపీఎస్‌ను నడిపేదీ వాళ్లే. సెల్ టవర్లు, కరెంటు గ్రిడ్ టైం కలుపుకునేదీ ఇలాంటి సిగ్నళ్లతోనే.

సముద్రంలో అయితే ప్రాణం మీదికొస్తుంది. గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనికి వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు, 2020 జనవరి దాకా ఇళ్లకు రాలేకపోయారు. నీళ్ల మీద సరిహద్దు గీత కనపడదు కదా. ఆ మధ్యలోనే, 2019లో, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) మత్స్యకారుల కోసం జెమిని అనే పరికరం తెచ్చింది. తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్లు ఫోన్‌కు అందించే మంచి ఏర్పాటే. అయితే అది నడిచేది గగన్ అనే మన ఉపగ్రహ వ్యవస్థ మీద, గగన్ చేసేదేమో జీపీఎస్ లెక్కను మెరుగుపరచడం. జీపీఎస్ ఆగితే దాని స్థానంలో నిలబడలేదు.

నా గోల ఇస్రో ఫెయిలైందని కాదు, ఫెయిల్యూర్లు ఎవరికైనా తప్పవు. ఒక్కో ఉపగ్రహానికీ మధ్య ఏళ్లకేళ్లు గడిచిపోతుంటే పాతవి ముసలివైపోతున్నాయి, ఆ సంగతి జనానికి చెప్పే నాథుడు లేడు. ఏ జీపీఎస్ ఉపగ్రహం పరిస్థితి ఏమిటో, దేన్ని ఎప్పుడు ఆపుతున్నారో అమెరికా కోస్ట్ గార్డ్ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు. మన నాలుగు లెక్క బయటికి రావడానికి పార్లమెంటులో ప్రశ్న వేయాల్సొచ్చింది.