సత్యానికి అంత తొందరేం?

మతం మానవ ప్రగతికి అడ్డుపడిందని కొందరు తరచూ ఆరోపిస్తుంటారు. ఇది పూర్తిగా నిరాధారం. మతం ఏ సత్యాన్నీ తిరస్కరించలేదు. ఫైలు కాస్త పెండింగ్‌లో పెట్టింది, అంతే. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్నందుకు గెలీలియోను 1633లో రోమ్‌లో విచారించి, పోయేదాకా గృహనిర్బంధంలో ఉంచారు. ఆ వ్యవహారంలో పొరపాటు జరిగిందని 1992లో పోప్ రెండో జాన్ పాల్ ఒప్పుకున్నారు. మధ్యలో 359 ఏళ్లు గడిచాయి. ఈలోగా భూమి తిరగడం మానేసిందా? లేదు కదా! మరి నష్టం ఎవరికి? గెలీలియోకి అంటారేమో. వ్యక్తిగత ఇబ్బందులు ఈ వ్యాసం పరిధిలోకి రావు.

అయినా ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ అందరూ గెలీలియోనే లాక్కొస్తారు. పాపం, మైకేల్ సెర్వెటస్‌ని ఎవరూ పట్టించుకోరు. ఈ స్పెయిన్ వైద్యుడు, గుండెలోని రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, గాలి కలుపుకుని మళ్లీ గుండెకే చేరుతుందని 1553లో అచ్చేయించాడు. యూరప్‌లో ఆ మాట అచ్చుకెక్కడం అదే మొదలు. ఎక్కింది వైద్య గ్రంథంలో అనుకునేరు, కాదు, మత గ్రంథంలో! దేవుడిచ్చిన ప్రాణం రక్తంలో ఎక్కడ కలుస్తుందో తేల్చుకోవాలని బయల్దేరి, ఊపిరితిత్తుల దాకా వెళ్లాడాయన. కాబట్టి మతానికి మార్కులు వేయాల్సిందే. భక్తి లేకపోతే ఆ వెతుకులాటే లేదు.

అదే పుస్తకంలో, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కలిసి ఒకే దేవుడనే త్రిత్వ సిద్ధాంతం తప్పని కూడా రాశాడు. దాంతో, ఏ విషయంలోనూ ఒకరి మాట ఒకరికి గిట్టని కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒక్క తాటి మీదికి వచ్చారు. ఫ్రాన్సులోని వియెన్ పట్టణంలో కేథలిక్కులు జైల్లో పెడితే ఆయన తప్పించుకున్నాడు. మనిషి దొరకలేదు గనక దిష్టిబొమ్మను కాల్చి సరిపెట్టుకున్నారు. ఆయన ప్రొటెస్టెంట్ మతనాయకుడు కాల్విన్ పెత్తనం సాగుతున్న జెనీవాకు వెళ్లి, చర్చిలో ప్రసంగం వింటూ దొరికిపోయాడు. అక్టోబరు 27న ప్రొటెస్టెంట్లు అసలు మనిషినే కాల్చారు. ఒకరు మొదలుపెట్టిన పనిని ఇంకొకరు ఇంత శ్రద్ధగా పూర్తిచేయడం మతసామరస్యం కాక మరేమిటి?

350 ఏళ్ల తర్వాత, 1903లో, కాల్విన్ అనుయాయులే అక్కడ ఒక శిల నిలబెట్టారు. జరిగినదాన్ని ఖండిస్తున్నామనీ, అది కాల్విన్ కాలపు తప్పిదమనీ దాని మీద చెక్కించారు. చూశారా, కట్టెలు పేర్చింది మనుషులే గానీ తప్పు చేసింది మాత్రం శతాబ్దం!

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఈ రక్తప్రసరణ సంగతిని అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే ఇబ్న్ అల్ నఫీస్ అరబ్బీలో రాసి పెట్టాడు. కైరోలో వైద్యం చేస్తూ మతన్యాయశాస్త్రం కూడా చెప్పిన పండితుడాయన. ఎవరూ కాల్చలేదు, హాయిగా ముసలితనం దాకా బతికాడు. పేరు పెద్దగా తెలియకుండా పోవడానికి అదే కారణమై ఉంటుంది.

మన దగ్గర ఇంత పొగ అవసరం పడలేదు. గ్రహణం నీడల వల్ల వస్తుందని ఆర్యభటుడు చెప్పాక, 628లో బ్రహ్మగుప్తుడు అది వేదస్మృతులకు విరుద్ధం అని ఆయన్ని తప్పుపట్టి, తన లెక్కలు మాత్రం నీడలతోనే కట్టాడు. రాహువు పరువూ దక్కింది, గ్రహణమూ వేళకు వచ్చింది. ఈ పద్ధతిని మించింది నాకైతే కనబడలేదు.

సహనం విషయానికొస్తే, ఏ మతమైనా తాను తక్కువ సంఖ్యలో ఉన్నచోట సహనాన్ని ఎంత బాగా బోధిస్తుందో! ఇంగ్లండులో వేధింపులు పడలేక సముద్రం దాటిన ప్యూరిటన్లనే ప్రొటెస్టెంట్లు అమెరికాలోని బోస్టన్‌లో నిలదొక్కుకోగానే, క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖకు చెందిన మేరీ డయ్యర్ అనే మహిళను 1660లో ఉరితీశారు. ఆ క్వేకర్లే తరువాతి శతాబ్దంలో బానిసత్వం మీద అందరికన్నా ముందు గొంతెత్తిన వాళ్లలో ఉన్నారు. చేతిలో బైబిలే. బానిసల యజమానుల చేతిలోనూ బైబిలే. బానిసత్వం దగ్గరే పేచీ వచ్చి, యజమానుల పక్షాన 1845లో అమెరికాలో విడిగా ఏర్పడిన సదరన్ బాప్టిస్టు చర్చిల సమాఖ్య 1995లో క్షమాపణ చెప్పింది. అంటే 150 ఏళ్లు. 359 నుంచి 350కి, అక్కణ్నుంచి 150కి దిగాం. ప్రగతి లేదని ఎవరనగలరు?

దేవుణ్ణి తీసేస్తే ఈ బాధ తప్పుతుందనుకున్నవాళ్లూ ఉన్నారు. గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి మఠం తోటలో బఠాణీలు పెంచి వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టాడు. మఠం ఆయన్ని ఏమీ అనలేదు సరికదా, పెద్దను చేసి కూర్చోబెట్టింది. ఆ శాస్త్రాన్ని 1948లో నిషేధించింది దేవుడే లేడన్న సోవియట్ ప్రభుత్వం. దాన్ని నమ్మిన వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ అప్పటికే, 1943లో, జైల్లో చనిపోయాడు. ఆయన నిర్దోషి అని 1955లో ప్రకటించారు. పన్నెండేళ్లకే! నాస్తికులకు ఓపిక తక్కువ అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

దైవదూషణకు మరణశిక్ష కొన్ని దేశాల చట్టాల్లో ఇప్పటికీ ఉంది. అక్కడి పెద్దలకు నాదొక చిన్న సూచన. శిక్ష వేసిన రోజే క్షమాపణ శిల కూడా చెక్కించి పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది. మాటల కోసం తడుముకోనక్కర్లేదు, జెనీవా శిల నకలు చాలు. చచ్చినవాడి పేరు, తప్పు చేసిన శతాబ్దం, ఈ రెండు చోట్లా ఖాళీ వదిలితే సరి. ఆవిష్కరణ తేదీ దగ్గర మాత్రం, సుమారు 2375 అని, పెన్సిల్‌తో రాసుకోండి.