సోమలింగం తండ్రి తరఫున

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. తరతరాలుగా ఈ సామెత చెప్పుకుని ఒక పెద్దమనిషిని వెక్కిరిస్తూ వస్తున్నాం. ఆయన వాదనేమిటో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. పెళ్లి కాకముందే కొడుక్కి పేరు పెట్టాడంటే తొందరనుకున్నాం గాని ముందుచూపనుకోలేదు. హైదరాబాద్ పద్మారావునగర్‌లో మా అక్కయ్య వాళ్ల అపార్ట్‌మెంటు డాబా మీద వరుసగా ఎనిమిది ఆదివారాలు కూర్చుని వచ్చాక, ఆయనకు క్షమాపణ చెప్పుకోవడం జాతి బాధ్యత అని నాకు తేలిపోయింది.

మా మేనల్లుడు బ్యాండు పెట్టాడు. నలుగురు పిల్లలు, రెండు గిటార్లు, ఒక కీబోర్డు, 405 వాళ్లబ్బాయి కొనుక్కొచ్చిన డ్రమ్ములు. పాటలు ఒకటిన్నర. ఆ అర ఎందుకాగిందని అడిగితే, "పేరు తేలకుంటే పాట మూడ్ ఎట్ల తెలుస్తది మామా" అన్నాడు. సబబే. మనిషికైతే ఇరవయ్యొకటో రోజున పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాసేస్తే పనైపోతుంది. వాడికి నచ్చినా నచ్చకపోయినా పోయేదాకా అదే మోస్తాడు. బ్యాండుకు ఆ సుఖం లేదు. అది పుట్టడమే నాలుగు నోళ్లతో పుడుతుంది. 'బ్యాండ్ పేరు' అని ఒక వాట్సాప్ గ్రూపు, 'బ్యాండ్ పేరు ఫైనల్' అని ఇంకొకటి, కీబోర్డు పిల్లాణ్ని తప్పించి మూడోది. పత్రికల్లో రాస్తాడు గనక మామకు పదాలు తెలుసని భ్రమపడి, నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు.

పెద్దరికం అన్నాక కాస్త చదువుకుని వెళ్లాలి కదా. స్వీడన్‌లో నలుగురు తమ పేర్ల మొదటి అక్షరాలు కలిపి 'అబ్బా' అని పెట్టుకున్నారు. పాతబస్తీలో ఆ మాట అంటే ఎవరి తండ్రో వెనక్కి తిరుగుతాడు, మన ఇళ్లల్లో అంటే పన్ను నొప్పా అని అడుగుతారు. అది వేరే సంగతి. తీరా చూస్తే వాళ్ల దేశంలోనే ఆ పేరుతో చేపలు డబ్బాల్లో పెట్టి అమ్మే కంపెనీ ఒకటుంది. వెళ్లి అడిగి అనుమతి తెచ్చుకున్నారు. ఇది వినగానే పిల్లలు ఊగిపోయి తమ నలుగురి మొదటి అక్షరాలూ కలిపారు. 'విసుగురా' అని వచ్చింది. ఆ ఎనిమిది ఆదివారాల్లో అంతకన్నా నిజాయితీ గల పేరు మళ్లీ నా చెవిన పడలేదు.

పింక్ ఫ్లాయిడ్ వాళ్లు పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లలోంచి చెరో ముక్కా తీసుకున్నారు. మనం ఇద్దరు విద్వాంసుల పేర్లు అతికిస్తే వియ్యంకుల శుభలేఖలా ఉంటుంది. లెడ్ జెపెలిన్ వాళ్లు జనం 'లీడ్' అని చదువుతారేమోనని ఒక అక్షరం పీకేశారు. మన న్యూమరాలజీ వాళ్లు అక్షరం తగిలించడానికి డబ్బు పుచ్చుకుంటారు, తీసేస్తే వాపసిస్తారో లేదో కనుక్కోవాలి. రేడియోహెడ్ వాళ్లు మొదట్లో శుక్రవారాలు సాధన చేసేవారు గనక 'ఆన్ ఎ ఫ్రైడే' అని పిలుచుకున్నారు. ఆ లెక్కన, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఇచ్చిన అనుమతి ప్రకారం మావాళ్ల పేరు 'ఆదివారం నాలుగు నుంచి అయిదున్నర, పిల్లల పరీక్షలప్పుడు లేదు' అని ఉండాలి. కాస్త పొడుగే గాని వింటే గుండె పిండేస్తుంది.

మలయాళీలది మరీ అదృష్టం. ఒకళ్లు కూర పేరే తీసుకుని 'అవియల్' అన్నారు. ఇంకొకళ్లు కొచ్చిలో ఒక చోటి పేరు తీసుకుని 'తైక్కుడం బ్రిడ్జ్' అన్నారు. సరే, మనమూ వంటింట్లోంచే మొదలెడదామన్నాను. బిర్యానీ జోలికి మాత్రం పోనివ్వలేదు. ఈ ఊళ్లో ఆ మాట వెతికినవాడు ఆర్డరిచ్చేసి వెళ్లిపోతాడు గాని పాట వినడు. ఖీమా కూరిన సమోసాలాంటి 'లుక్మీ' బాగుందన్నారు. అదేంటో నలుగురికీ వివరించేసరికి అందరికీ ఆకలేసి ఆ రోజు సాధన ఆగింది. వంతెనల్లో 'పురానాపూల్' నాకు నిజంగానే నచ్చింది. 1578 నాటిది, 1908లో మూసీ వరదనూ తట్టుకుంది. "ఓల్డేజ్ హోమ్ లెక్కుంది మామా" అన్నారు. బస్సు నంబర్ల దగ్గరికొస్తే, యూ2 అనే బ్యాండు ఉండగా లేనిది, కోఠి నుంచి కొండాపూర్ పోయే 127కె ఎందుకుండకూడదని నా ప్రశ్న. రోజూ ఆ బస్సెక్కే కీబోర్డు పిల్లాడు ఒప్పుకోలేదు. "రానే రాదని జనం ముందే ఫిక్సయితరు అంకుల్."

నాలుగో ఆదివారం నా మేనల్లుడు 'ఏసీ గార్డ్స్' అన్నాడు. ఏసీ డీసీ వాళ్లకు ఆ అక్షరాలు ఇంట్లో కుట్టుమిషను మీద దొరికాయట. మనకు మాసబ్ ట్యాంక్ పక్కనే దొరుకుతున్నాయి గదా అని వాడి తర్కం. అక్కడ చల్లగా ఉంటుందనుకుంటున్నాడు పాపం. ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం దగ్గర కొలువు చేసిన సిద్దీల అశ్వికదళం ఉన్న చోటు అది. ఆ సిద్దీలూ, అరబ్బులూ వాయించిన మర్ఫాయే ఈ ఊరి బారాత్‌లో నేటికీ మోగుతోంది. మర్ఫా మొదలైతే పెళ్లికొడుకు మేనత్త కూడా చెప్పులు పక్కన పెట్టి దిగుతుంది. అంత చేసీ, వాళ్లనెవరూ "మీ బ్యాండు పేరేంది?" అని అడగరు. "ఎంతకొస్తరు?" అంటారు. ఇదంతా చెప్పి, ఒకటిన్నర పాటతో ఆ పేరు మోయగలరా అని అడిగాను. డాబా మీద నీళ్ల ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు తప్ప జవాబు లేదు.

ఆరో ఆదివారానికి 'కల' అని తేల్చారు. నేను లేనప్పుడు తేల్చడమే కాదు, టీషర్టులూ కొట్టించేశారు. నల్ల బట్ట మీద ఇంగ్లీషులో నాలుగు తెల్ల అక్షరాలు: కె, ఏ, ఎల్, ఏ. మా అక్కయ్య 'కళ' అని చదివి, కొడుక్కి ఇప్పటికైనా బుద్ధొచ్చిందని మురిసింది. ఎదురు ఫ్లాటు హిందీ ఆవిడ 'కాలా' అని చదివి, నల్ల చొక్కా మీద నలుపని రాయడం దేనికని అడిగింది. ఒంగోలు వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ లిఫ్టు దగ్గర నిలబెట్టి, కూడబలుక్కుని, "ఏంది బాబూ, ఇంకా కాలా?" అన్నాడు. నా మట్టుకు అతనొక్కడే సరిగ్గా చదివాడు. ఆ చొక్కాల్లో ఒకటి ఇప్పుడు మా అక్కయ్య గ్యాస్ పొయ్యి తుడవడానికి వాడుతోంది.

ఇక్కడే నాకు సోమలింగం తండ్రి గుర్తొచ్చాడు. చట్టం తిరగేశాను. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం, ఇంకా వాడకం మొదలవని పేరుకైనా 'వాడబోతున్నాం' అని చెప్పి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆలు, చూలు ఎక్కడని రిజిస్ట్రీ వారు అడగరు. సంగీత కచేరీల్లాంటి వినోదాలన్నీ 41వ తరగతి కిందికొస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్లో పెట్టుకుంటే రుసుము 4,500 రూపాయలు, మన రాష్ట్రానికి చెన్నై కార్యాలయం. రిజిస్ట్రీ వారి జర్నల్లో అచ్చయ్యాక అభ్యంతరం చెప్పేవాళ్లకు నాలుగు నెలల గడువు. నమోదైతే పదేళ్లు పేరు మీదే. కాకపోతే అయిదేళ్లకు పైగా వాడకుండా వదిలేస్తే, ఎవరైనా వచ్చి కొట్టేయించమని అడగొచ్చు. అంటే కొడుకును కనడానికి పార్లమెంటు అయిదేళ్లు టైమిచ్చింది. ఇంత వెసులుబాటున్న దేశంలో ఆ పెద్దాయన్ని పట్టుకుని సామెతలు కట్టాం!

లింకిన్ పార్క్ వాళ్లనే చూడండి. లింకన్ పార్క్ అని సరైన స్పెల్లింగుతో పెట్టుకుందామంటే ఆ వెబ్‌సైటు పేరు అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. స్పెల్లింగు తప్పు చేసుకోవాల్సొచ్చింది. పెళ్లికి ముందే మేల్కొని ఉంటే ఆ తిప్పలుండేవా?

ఇవన్నీ ఎనిమిదో ఆదివారం పిల్లలకు విన్నవించాను. 4,500 దగ్గర నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెరి పదకొండు వందల పాతిక. డ్రమ్ముల ఈఎంఐ ఇంకా నడుస్తోంది. పేరు ఖాయమయ్యాక ఆలోచిద్దామన్నారు.

ఈలోగా వినాయక చవితి వచ్చింది. కింద పార్కింగులో మండపం. మూడో రోజు రాత్రి మావాళ్లకు ఇరవై నిమిషాలిచ్చారు. బ్యాండు పేరేమని రాయాలని అసోసియేషన్ కార్యదర్శి మూడుసార్లు ఫోన్ చేశాడట. మూడుసార్లూ 'పది నిమిషాల్లో చెప్తం అంకుల్' అన్నారు. ఫ్లెక్సీవాడు ఆగడు కదా. సాయంత్రం దిగి చూస్తే గేటు పక్కన, స్వామివారి తొండం కింద, ఎర్రటి అక్షరాలు: 'రాత్రి 8 గంటలకు 302 వారి అబ్బాయి అండ్ పార్టీచే సంగీత విభావరి. అనంతరం పులిహోర.'

మా అక్కయ్య దాన్ని ఫోటో తీసి అన్ని గ్రూపుల్లోనూ పెట్టింది. డ్రమ్ముల పిల్లాడు మాత్రం స్టిక్కులు సంచిలో వేసుకుని లిఫ్టెక్కేశాడు. వాడిది 405.