ఒంటిపూట బడి ఎవరి లెక్కలో?

మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. ఇద్దరు పట్టే తోపుడు బండిలో ఒక చంటిబిడ్డ, ఒక రెండేళ్ల పిల్లాడు. మూడేళ్ల పాప బండి కడ్డీ పట్టుకుని నడుస్తోంది. ప్రైమరీ స్కూలు గేటు తెరుచుకోగానే, చేతులు వేళ్లు దాటి జారిపోతున్న కొత్త స్వెటర్‌లో నాలుగేళ్ల బాబు బయటికొచ్చి బండి తోస్తున్న ఆమె దగ్గరికి పరిగెత్తాడు. ఆమె ఆ పిల్లలకు తల్లి కాదు, చైల్డ్‌మైండర్. తన ఇంట్లోనే పరాయి పిల్లల్ని చూసుకుంటూ బతికే మనిషి. ఆ బాబు చెయ్యి పట్టుకున్న క్షణం నుంచి సాయంత్రం తల్లిదండ్రులు వచ్చేదాకా, ఒకేసారి ఎంతమంది పిల్లల్ని చూసుకోవచ్చో చెప్పే నిబంధనను ఆమె మీరినట్టా, కానట్టా?

ఇంగ్లండ్‌లో ఏటా సెప్టెంబరు మొదట్లో ఎదురయ్యే ప్రశ్న ఇది. రిసెప్షన్‌లో, అంటే ప్రైమరీ స్కూల్లో నాలుగేళ్లకు మొదలయ్యే తొలి తరగతిలో, కొత్తగా చేరిన పిల్లల్ని అక్కడ చాలా స్కూళ్లు మొదటి రెండు మూడు వారాలు సగం రోజే ఉంచుకుంటాయి. మన దగ్గర ఒంటిపూట బడులు ఎండకు భయపడి పెడతారు, అక్కడివి పిల్లలు బెంగ పెట్టుకుంటారని పెడతారు. ఉద్దేశం మంచిదే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పన్నెండు తర్వాత పిల్లాడు ఎక్కడుండాలో మాత్రం స్కూలు చెప్పదు.

నిబంధన మాటవరసకు సులువుగానే ఉంటుంది. ఒక చైల్డ్‌మైండర్ దగ్గర ఒకేసారి ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు. వారిలో ‘చిన్నపిల్లలు’ ముగ్గురే ఉండాలి, ఏడాది నిండని బిడ్డ మామూలుగా ఒక్కరే. ఐదో పుట్టినరోజు దాటాక వచ్చే సెప్టెంబరు 1 దాకా ఎవరైనా చిన్నపిల్లల కిందే లెక్క. ఆ ప్రకారం రిసెప్షన్ పిల్లలు ఏడాది పొడవునా చిన్నవాళ్లే. అందుకే ఒక వెసులుబాటు ఇచ్చారు. నాలుగైదేళ్ల పిల్లలు ‘మామూలు బడిరోజు’కు ముందో, అది అయ్యాకో, సెలవుల్లోనో మాత్రమే వచ్చేటట్టయితే, మరో ముగ్గురు చిన్నపిల్లలు ఉన్నా వాళ్లనూ చూసుకోవచ్చు. మొత్తం మాత్రం ఆరు దాటకూడదు.

ఈ వెసులుబాటును మేం మెచ్చుకుంటాం. పుట్టిన తేదీని పట్టుకుని వేలాడకుండా పిల్లాడి రోజు ఎక్కడ గడుస్తోందో చూసింది. స్కాట్లాండ్ ఇంకా సూటిగా వెళ్లింది. అక్కడ పన్నెండేళ్ల లోపు ఆరుగురిలో ఇంకా బడిలో చేరనివాళ్లు ముగ్గురికి మించకూడదంటారు. పక్కపక్క దేశాలే, ఒకరు వయసుతో మొదలుపెడితే ఇంకొకరు బడి గడపతో మొదలుపెట్టారు. (మన అంగన్‌వాడీ మాటకొస్తే, 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం, ఒక టీచరు, ఒక ఆయా. లెక్క ఊరిది, పిల్లలది కాదు. ఆ సంగతి మరో రోజు మాట్లాడుకుందాం.)

ఇంగ్లండ్ నిబంధనలో చిక్కంతా ‘మామూలు బడిరోజు’ అన్న మాటతోనే. మూడుంపావుకు బయటికొచ్చే పిల్లాడి విషయంలో ఎవరికీ సందేహం లేదు. పదకొండు ముప్పావుకు వచ్చేవాడి సంగతేంటి? ‘ఆ వారాల్లో వాళ్ల బడిరోజు అంతే కదా’ అని ఒక చైల్డ్‌మైండర్ ధీమాగా నలుగుర్ని చూసుకుంటుంది. ఇంకొకామె బడులనూ చైల్డ్‌మైండర్లనూ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ గుర్తొచ్చి, ‘మూడు వారాలు మీరే ఏదో చూసుకోండి’ అని తల్లిదండ్రులకు చెప్పేస్తుంది. ఒకే నిబంధన ఒక వీధిలో ఒకలా, పక్క వీధిలో ఇంకోలా నడుస్తోందంటే తప్పు ఆ ఇద్దరిదీ కాదు.

ఆమె జేబు సంగతి కూడా చూడాలి. ఆగస్టు దాకా ఆ బాబు ఆమె ముగ్గురిలో ఒకడు. బడిలో చేరుతున్నాడు కాబట్టి ఆ చోటు సెప్టెంబరు 1 నుంచి ఒక చంటిబిడ్డకు ఇస్తానని మాట ఇచ్చేసింది. ఇవ్వకపోతే చిన్నపిల్లల మీద వచ్చే ఆదాయంలో మూడో వంతు పోతుంది. ఇంగ్లండ్‌లో చైల్డ్‌మైండర్ల సంఖ్య పదేళ్లలో సుమారు సగానికి పడిపోయింది. ఇలాంటి టెన్షన్లు ఆ పనిని ఎవరికి ముద్దు చేస్తాయి?

అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది మరీ దగ్గరి సమస్య. రెడింగ్‌లోనో హౌన్స్‌లోలోనో భార్యాభర్తలిద్దరూ స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉంటే, ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు ప్రభుత్వం ఇచ్చే వారానికి 30 గంటల సంరక్షణ సాయం వాళ్లకు అందదు. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ ఇచ్చే 15 గంటలు పోగా మిగతాదంతా సొంత డబ్బే. అందుకే చాలా ఇళ్లలో రిసెప్షన్ టైంటేబుల్ చూసుకుని అమ్మమ్మకో నాయనమ్మకో విమానం టికెట్ కొంటారు. సందర్శకుల వీసా మీద ఆరు నెలలుంటుంది ఆవిడ. ఆ వీలు లేనివాళ్లకు చైల్డ్‌మైండరే దిక్కు.

అలాగని ముగ్గురి పరిమితిని నలుగురు చేయమని మేం అడగడం లేదు. ఒంటిపూట బడి నుంచి వచ్చిన నాలుగేళ్ల పిల్లాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఎలా ఉంటాడో చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఆకలి, నిద్ర, పొద్దుటినుంచీ కొత్త టీచరు ముందు ఆపుకున్న ఏడుపు, అన్నీ చైల్డ్‌మైండర్ గడపలోకి అడుగుపెట్టగానే ఒక్కసారిగా బయటపడతాయి. సరిగ్గా అదే వేళకు చంటిబిడ్డను పడుకోబెట్టాలి, రెండేళ్లవాడికి తినిపించాలి. పరిమితి పెట్టిందే ఆ గంట కోసం. నర్సరీల్లో రెండేళ్ల పిల్లలకు ఒక మనిషి నలుగురిని చూసే పద్ధతిని 2023 సెప్టెంబరులో ఐదుగురికి పెంచారు. అదే ఏడాది చైల్డ్‌మైండర్లకు తోబుట్టువుల విషయంలో, సొంత బిడ్డ విషయంలో మినహాయింపును స్పష్టం చేశారు. సడలింపులు ఇక చాలు.

బడి నుంచి పన్నెండింటికే వచ్చేవాణ్ని ఆ వారాల్లో చిన్నపిల్లాడి కిందే లెక్కించాలని విద్యాశాఖ ఒక్క వాక్యం రాస్తే ఊహాగానాలు ఆగిపోతాయి. ఆ వాక్యం భారం చైల్డ్‌మైండర్ మీద పడకుండా ఉండాలంటే స్కూళ్లు కూడా కదలాలి. ఇంగ్లండ్ స్కూలు ప్రవేశాల నియమావళి ప్రకారం నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరు నుంచి ప్రతి పిల్లాడికీ పూర్తి రోజు బడి హక్కు ఉంది. తల్లిదండ్రులు గట్టిగా అడిగితే స్కూలు కాదనకూడదు. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినా కొత్త స్కూలుతో మొదటి రోజే గొడవెందుకని ఊరుకునేవాళ్లు ఎక్కువ. ప్రైమరీ సీట్లు ఏప్రిల్ 16న ప్రకటిస్తారు. ఒంటిపూట వారాల టైంటేబుల్, పూర్తి రోజు హక్కు గురించిన రెండు ముక్కలు ఆ ఉత్తరంతోనే పంపాలి.

జూలైలో వేసవి సెలవులిచ్చే ముందు చేతికొచ్చే కాగితం ఎవరికీ అక్కరకు రాదు. చైల్డ్‌మైండర్ దగ్గర చేరబోయే ఆ చంటిబిడ్డ తల్లి ప్రసూతి సెలవు ముగించుకుని సెప్టెంబరు 1న ఆఫీసుకు వెళ్లాలి. ఆ తేదీ మార్చుకోవాలంటే 8 వారాల ముందే యాజమాన్యానికి చెప్పాలని అక్కడి చట్టం. వేసవి సెలవులు ఆరు వారాలే.