తల ఉంది, లెక్క లేదు: ఓ లిస్టుకి నా సమర్థన

ఈ మధ్య కుర్రకారులో ఒక చెడ్డ అలవాటు ముదురుతోంది. లిస్టు అంటే తన పొడవెంతో తనకి తెలిసి ఉండాలట, హద్దు దాటితే ఆపాలట, తీసేసిన దాన్ని మళ్లీ ముట్టుకుంటే మర్యాదగా ఎర్రర్ చెప్పాలట. లిస్టుల చేత ఊడిగం చేయించుకునే ఈ తరం ఒక్కసారి వేలాండ్ సి లైబ్రరీలోని వేలాండ్-యుటిల్.హెచ్ తెరిచి చూడాలి. వేలాండ్ అంటే క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో మొదలుపెట్టిన డిస్‌ప్లే ప్రోటోకాల్, ప్రోగ్రాములు తమ కిటికీలని తెర మీదికి తెచ్చుకోవడానికి పాటించే ఒప్పందం, 2012లో 1.0 వచ్చింది, ఇవాళ చాలా లినక్స్ డెస్క్‌టాప్‌లలో మీ కిటికీలు కదిలేది దీని మీదే. అంత బరువు మోసే చోట డేటా స్ట్రక్చర్లు ఎంత ఘనంగా ఉంటాయో అనుకుంటాం కదా. అక్కడ ఉన్నది రెండు పాయింటర్లు, అంటే మెమరీలో ఇంకొకరి అడ్రసు దాచుకున్న రెండు అరలు. ముందువాడు, తర్వాతివాడు, అంతే. దాని పేరే డబ్ల్యూఎల్_లిస్ట్.

ఇందులో తలకీ సభ్యుడికీ టైపు తేడా లేదు, ఇద్దరూ అదే స్ట్రక్ట్ (సి భాషలో కొన్ని అరల కట్ట). కాలనీ సంఘం అధ్యక్షుడిలా తల దగ్గర సరుకేమీ ఉండదు, వలయం మొదలవడానికీ ముగియడానికీ ఒక గుర్తుగా నిలబడుతుంది. పొరపాటున తల ఇవ్వాల్సిన చోట సభ్యుణ్ణి ఇచ్చారనుకోండి, కంపైలర్ కిమ్మనదు. సమానత్వం అంటే ఇదీ. చివర్లో చేర్చడానికి వేరే ఫంక్షన్ ఎందుకు లేదని అడిగేవాళ్లుంటారు. ఎందుకుండాలి? ఇన్సర్ట్‌కి తలనిస్తే మొదట్లో చేరుతుంది, తలకి ముందువాణ్ణిస్తే చివర్లో చేరుతుంది. వలయంలో తలకి ముందున్నవాడే ఆఖరివాడు. ఆ మాత్రం తట్టనివాళ్లు కంపోజిటర్ (కిటికీలన్నిటినీ తెర మీద పేర్చే ప్రోగ్రామ్) రాయకపోతే లోకానికి వచ్చిన నష్టం లేదు.

ఇక దీని శీలం చూడండి. ఒక సభ్యుణ్ణి రిమూవ్ చేశాక వాడి రెండు పాయింటర్లనీ నల్ చేస్తుంది, అంటే వాటిలో ఎవరి అడ్రసూ లేకుండా చేస్తుంది. ఆ తర్వాత వాణ్ణే "నువ్వు ఖాళీయా?" అని అడిగితే "కాదు" అంటుంది, ఎందుకంటే ఖాళీ అంటే తర్వాతివాడు తానే అయి ఉండాలి, నల్ తాను కాదు కదా! సరే, ఖాళీ కాకపోతే ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమంటే ప్రోగ్రామ్ అక్కడికక్కడే కుప్పకూలుతుంది. మళ్లీ ఇనిట్ చేయడం (రెండు పాయింటర్లనీ తనవైపే తిప్పి కొత్తగా మొదలెట్టడం) మన బాధ్యత, అది మర్చిపోతే క్రాషూ మన బాధ్యతే. 'సేఫ్' అని పేరున్న ఫర్-ఈచ్ (సభ్యుల్ని ఒక్కొక్కరినే చూపే లూప్) కూడా ఉంది. అది మీరు ప్రస్తుతం చూస్తున్నవాణ్ణి తీసేస్తే సేఫ్, వాడి తర్వాతివాణ్ణి తీసేసి ఫ్రీ చేస్తే (మెమరీ వదిలేస్తే) మాత్రం మీ ఖర్మ. పేరులో ఉన్నంత భద్రత పనిలో ఉండాలని ఏ చట్టంలోనూ లేదు.

నాకు అన్నిటికంటే నచ్చేది లూప్ పూర్తయ్యాక జరిగే తమాషా. విండోల లిస్టులో వెతికిన విండో దొరక్క లూప్ చివరికి వచ్చేస్తే, చేతిలో మిగిలే పాయింటర్ నల్ కాదు. సభ్యుడి అడ్రసులోంచి వాణ్ణి కడుపులో పెట్టుకున్న స్ట్రక్ట్ అడ్రసు లెక్కగట్టే కంటైనర్-ఆఫ్ మ్యాక్రో, తల అడ్రసులోంచి కూడా యథావిధిగా ఆఫ్‌సెట్ (ఆ రెండిటి మధ్య దూరం) తీసేసి, ఎన్నడూ పుట్టని ఒక విండోని మీ చేతిలో పెడుతుంది. దానికి వెడల్పు, ఎత్తు, టైటిల్ అన్నీ ఉన్నట్టే ఉంటాయి. నల్ కాదు కాబట్టి మీ ఇఫ్ చెక్ కూడా దానికి దారి వదిలి పక్కకి తప్పుకుంటుంది.

అదే ఫైల్లోని అర్రే (సరుకుని వరుసగా పేర్చుకుని, అవసరాన్నిబట్టి పెరిగేది) సంగతి కొంత నయం. 16 బైట్లతో మొదలై, చాలనప్పుడల్లా రెట్టింపవుతుంది, రెట్టింపైనప్పుడు పాత పాయింటర్లు చెల్లకపోవచ్చు. మీకు కబురు పంపదు. రిలీజ్ చేశాక డేటా పాయింటర్‌లో నల్ బదులు 4 పెట్టి వెళ్తుంది, వదిలేసిన డేటాని మళ్లీ ముట్టుకుంటే ప్రోగ్రామ్ కూలాలని, అంటే ఇంటి తాళం పగలగొట్టినవాడు లోపల షాక్ కొట్టించుకోవాలనే సదుద్దేశంతో. ఇది మాత్రం, వెటకారం లేకుండా, మంచి పని.

మౌస్ ఎక్కడుందో చెప్పే ఫిక్స్‌డ్ అంకెలది ఇంకో దారి: 24 బిట్లు పూర్ణాంకానికి, 8 బిట్లు భిన్నానికి. మీరు 10.1 అంటే అది 10.1015625 అంటుంది. పిక్సెల్‌లో 256వ వంతు కంటే తక్కువ విషయాల గురించి దానితో వాదించి లాభం లేదు.

ఇన్ని విన్నాక కూడా "పోనీ సభ్యుల లెక్క దాచే ఒక కౌంట్ ఫీల్డ్ పెడితే పోలా?" అని ప్యాచ్ రాయబోయే పుణ్యాత్ములు ఉంటారు. పెట్టండి. ఈ స్ట్రక్ట్ పబ్లిక్ హెడర్‌లో (బయటి ప్రోగ్రాములు కూడా వాడుకునే ఫైల్లో) ఉంది, వెస్టన్, స్వే లాంటి కంపోజిటర్లు దీన్ని తమ స్ట్రక్టుల కడుపులో పెట్టుకున్నాయి, సైజు ఒక్క బైటు పెరిగినా అందరూ మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే. పోనీ చేసుకున్నారనే అనుకుందాం. రిమూవ్ ఫంక్షన్‌కి మీరు ఇచ్చేది తీసేయాల్సిన సభ్యుణ్ణి ఒక్కణ్ణే, తల ఎవరో దానికి ఎవరూ చెప్పరు. కాబట్టి ఏ లిస్టు లెక్కలోంచి ఒకటి తగ్గించాలో ముందు దానికి తెలియాలి, అది తెలుసుకోవాలంటే వలయమంతా తిరగాలి, తిరిగినా అందరూ ఒకే టైపు కాబట్టి ఎదురుపడినవాళ్లలో తల ఎవరో గుర్తుపట్టలేదు.